బందరులో మిగిలిన రాళ్ళు ఏం చెప్తున్నాయి?

బందరు అనగానే మనకి లడ్డూయే గుర్తొస్తుంది. తప్పేం లేదు. కానీ అసలు బందరు అంటే పారశీకంలో రేవు. మచిలీపట్నానికి ఆ పేరు ఊరికే రాలేదు. గోల్కొండ సుల్తానుల రాజ్యానికి పెద్ద రేవు ఇదే. మన కలంకారీ బట్టలు ఇక్కడే ఓడెక్కి పర్షియా దాకా వెళ్ళేవి.

ఒకసారి ఫోన్‌లో బందరు మ్యాప్ తెరవండి. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం కనిపిస్తాయి. వలందలు అంటే హాలండ్ వాళ్ళు, అంటే డచ్చివాళ్ళు. పరాసులు అంటే ఫ్రెంచివాళ్ళు. మూడోది నేను చెప్పక్కర్లేదు. వ్యాపారం కోసం ముగ్గురూ ఇక్కడికే వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో దిగారు. డచ్చివాళ్ళు వాళ్ళకంటే కొన్నేళ్ళు ముందే వచ్చారు.

ఆ డచ్చివాళ్ళని చూడాలంటే వాళ్ళ సమాధుల దగ్గరికే వెళ్ళాలి. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద డచ్చి అక్షరాలు, కుటుంబ చిహ్నాలు. నాకైతే బందరులో చూడాల్సిన మొదటి చోటు ఇదే. బట్టలు కొనడానికి అంత దూరం నుంచి వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళు వీళ్ళు. వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితే అరిగిపోయిన అక్షరాలు కూడా ఫొటోలో తేలతాయి. చాక్‌పీస్‌తో మాత్రం దిద్దకండి, ప్లీజ్.

ఇక కోట. గోల్కొండ లాంటిది ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. ఊరికి దూరంగా, సముద్రం వైపు బురదనేలలో మందపాటి గోడల కట్టడాలు కొన్ని మిగిలాయంతే. కానీ 1759 ఏప్రిల్‌లో ఇక్కడ జరిగింది చిన్న విషయం కాదు. కోట ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. కల్నల్ ఫోర్డ్ దగ్గరున్న సైన్యం కంటే లోపలున్న సైన్యమే ఎక్కువ. అయినా రాత్రిపూట దాడి చేసి పట్టేశాడు. ఆ తర్వాత నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళని వదిలి ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. కోస్తాలో ఫ్రెంచివాళ్ళ పెత్తనం అలా ముగిసింది.

మరి ఇంత పెద్ద రేవులో ఇంత తక్కువ ఎందుకు మిగిలింది? జవాబులో సగం 1864 నవంబరు 1. ఆ రాత్రి తుఫానుకి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. ఆ తర్వాత కొద్దికాలానికే ఇంగ్లీషువాళ్ళు కోటలోని సైన్యాన్ని కూడా ఎత్తేశారు.

మిగతా సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇక్కడ ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరేసేవి. సరుకంతా పడవల్లో ఎక్కించి దించాలి. ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఆ తిప్పలు భరించేవాళ్ళు తగ్గారు. ఒకపక్క మద్రాసు, ఇంకోపక్క కాకినాడ పెరిగాయి. 1933లో విశాఖ హార్బరు కూడా తెరిచాక పోటీయే లేదు.

2023లో మంగినపూడి దగ్గర కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి కదా. అక్కడ చేస్తున్న ముఖ్యమైన పనుల్లో ఒకటి ఏంటో తెలుసా? డ్రెడ్జింగ్. ఓడ ఒడ్డుదాకా రావడానికి సముద్రం అడుగు తవ్వడం.