నౌకరి పోయినవారికి చదువు సాయం అందేదెలా?

కాగజ్‌నగర్: కాగితం పేరే ఊరి పేరుగా మారిన పట్టణం ఇది. 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు పేపరు మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. కొత్త యాజమాన్యం చేతికి వచ్చి 2018లో తిరిగి తెరుచుకునేదాకా ఇక్కడి కార్మిక కుటుంబాలు పడిన పాట్లు అందరికీ తెలిసినవే. కొందరు కూలికి పోయారు. కొందరు వలస పోయారు. మిల్లు పని తప్ప మరో పని రాదు, వేరే చోట చూపడానికి సర్టిఫికెట్ లేదు అన్నదే అప్పట్లో చాలామందికి ఎదురైన చిక్కు.

మిల్లు తెరుచుకున్నా ఆ చిక్కు ఊరూరా అలాగే ఉంది. ఏదో ఒక కంపెనీలో పని పోయినవారు నేటికీ కనిపిస్తూనే ఉన్నారు. పెళ్లాం పిల్లలున్న మనిషి మళ్లీ చదువుకోవచ్చా? చేరితే సర్కారు సాయం దక్కుతుందా?

చేరడానికి వయసు అడ్డు కాదు. ఓపెన్ స్కూలులో పదో తరగతికి, ఇంటర్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఐటిఐలో చేరడానికి పధ్నాలుగేళ్లు నిండితే చాలు, ఇంత దాటకూడదన్న నిబంధన లేదు. తిరకాసంతా ఉపకార వేతనం దగ్గరే వస్తోంది.

నిబంధనల చిక్కుముడి

పదో తరగతి పాసై పై చదువులకు వెళ్లే షెడ్యూల్డు కులాల విద్యార్థులకు 1944 నుంచీ ఉపకార వేతనం ఉంది. గిరిజన, వెనుకబడిన తరగతులవారికీ ఇటువంటి పథకాలున్నాయి. మన రాష్ట్రంలో ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అయితే దూరవిద్యకు ఇది వర్తించదు. రోజూ తరగతికి వెళ్లాలి, 75 శాతం హాజరు ఉండాలి. పగలు కూలి చేసుకుని ఓపెన్ స్కూలులో చదివేవానికి సాయం లేదు. సాయం కోసం కళాశాలకు వెళితే ఆ పూట కూలి పోతుంది.

చదివిన మెట్టులోనే మళ్లీ చదివితే కూడా రాదు. ఇంటర్ ఆర్ట్స్ పాసైనవారు తిరిగి ఇంటర్ సైన్సులో చేరినా, బి.ఏ. అయినవారు బి.కాం.లో చేరినా కేంద్ర నిబంధనలు ఒప్పుకోవు. చేరడానికి లేని వయోపరిమితి ఉపకార వేతనానికి ఉంది. అందువల్ల ఫీజు కట్టకముందే జిల్లా సంక్షేమాధికారి కార్యాలయంలో వాకబు చేసుకోవడం మంచిది.

ఇక ఆదాయం సంగతి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం పెట్టిన హద్దు ఏడాదికి రెండున్నర లక్షలు. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు ఇస్తే తహసిల్దారు మంజూరు చేయాలి. పని పోయినవానికి పాత జీతమే ఇక్కడ అడ్డు నిలుస్తుంది. కంపెనీ మూతపడి జీతం ఆగినా కార్మికుని పేరు రిజిస్టరులో ఉండిపోతే, నౌకరి లేదని చూపే కాగితం చేతికి రాదు. కాబట్టి తొలగింపు ఉత్తర్వు ఉంటే భద్రపరచుకోవాలి. అది లేకపోతే జీతం ఏ నెలలో ఆగిందో తెలిపే బ్యాంకు పాసుబుక్కు, జమలు నిలిచిన పి.ఎఫ్. ఖాతా వివరం దరఖాస్తుకు జతపరచాలి.

చేతికొచ్చేది ఎంత?

ఇన్ని కాగితాలు పెడితే వచ్చేదెంత? 2021 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఐటిఐలోనో ఇంటర్‌లోనో ఇంటి నుంచి వెళ్లి చదివే ఎస్సీ విద్యార్థికి ఫీజు కాక ఏడాదికి 2,500 రూపాయలు, హాస్టల్లో ఉంటే 4,000 రూపాయలు. అంటే ఇంటి నుంచి వెళ్లేవానికి నెలకు రెండు వందల పైచిలుకు. తండ్రి అన్నం పెడుతున్న పిల్లవాని పుస్తకాలకు ఇది ఏ కొంచెమో పనికొస్తుంది. తానే పదిమందికి అన్నం పెట్టవలసిన మనిషికి ఏ మూలకు?

మిల్లు గేటు మూతపడిన నాడే కార్మిక శాఖ, సంక్షేమ శాఖ అధికారులు అక్కడికే వచ్చి ఆదాయ పత్రాలు, దరఖాస్తుల పని చూస్తే చాలామందికి కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. సాయంత్రపు తరగతులు పెట్టి, కుటుంబ భారమున్నవారికి వేరే భృతి ఏర్పాటు చేస్తే నడివయసులోనూ పలక పట్టడానికి ముందుకొచ్చేవారు ఉంటారు. సంబంధిత అధికారులు ఈ విషయం ఆలోచించవలసి ఉంది.