పెల్లెట్ పొయ్యి కొనే ముందు కిలో ధర అడగండి

చలిదేశాల్లో పెల్లెట్ పొయ్యిని హాల్లో పెట్టుకుని ఇల్లు వెచ్చబరుచుకుంటారు. మా తిరుపతి, చిత్తూరు ఎండలకు ఆ అవసరమే లేదు. ఇక్కడ పొయ్యి అంటే వంటకే. చంద్రగిరిలో మా ఇంటి వెనక వసారాలో నేను నిప్పట్లు, మురుకులు, కజ్జాయాలు చేసి అమ్ముతాను. గ్యాస్ మానేసి పెల్లెట్ పొయ్యి పెట్టినప్పటి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "అక్కా, పొయ్యి ఎంత పడింది?" పెల్లెట్ కిలో ఎంతో, ఏడాది పొడుగునా ఎవరు తెచ్చిస్తారో ముందు కనుక్కోమ్మా అంటాను.

దీనికి కారణముంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో హెచ్.ఎస్. ముకుంద బృందం చేసిన పరిశోధన ఆధారంగా బీపీ కంపెనీ 'ఊర్జా' అనే పెల్లెట్ పొయ్యిని మార్కెట్లోకి తెచ్చింది. 2009లో అది పుణెలోని ఫస్ట్ ఎనర్జీ చేతికి వచ్చింది. దానికి పొగ తక్కువ. నాలుగు లక్షల ఇళ్ల దాకా చేరింది. అయితే పెల్లెట్లకు కావలసిన చెరకు పిప్పి, పంట వ్యర్థాల కోసం ఫ్యాక్టరీలు కూడా పోటీపడ్డాయి. పెల్లెట్ ధర పెరిగేకొద్దీ చాలా ఇళ్లలో మంచి పొయ్యిలు అటకెక్కాయి. ఇప్పుడు 2021లో మొదలైన 'సమర్థ్' మిషన్ కింద బొగ్గు కరెంటు కేంద్రాలు కూడా పెల్లెట్లు కొంటున్నాయి. మన వంటింటికి వచ్చే బస్తా ధరను ఆ పెద్ద కొనుగోళ్లు కదిలిస్తాయి.

ఇక లెక్క. కిలో గ్యాస్‌లో దాదాపు 11,000 కిలోకేలరీల వేడి ఉంటే, చెనిక్కాయ పొట్టుతోనో రంపపు పొట్టుతోనో చేసిన మంచి పెల్లెట్‌లో 4,000 దాకా ఉంటుంది. గ్యాస్ పొయ్యి అందులో సుమారు 65 శాతం గిన్నెకు అందిస్తుంది, ఫ్యాన్ ఉన్న పెల్లెట్ పొయ్యి 35 శాతం. ఆ ప్రకారం 14.2 కిలోల ఇంటి సిలిండర్ చేసే పనికి 72 కిలోల పెల్లెట్లు కావాలి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు 97 కిలోలు. సిలిండర్ 900 అనుకుంటే, పెల్లెట్ కిలో 12 రూపాయలు దాటితే ఇంటి వంటకు గిట్టదు. ఇక రాష్ట్ర ప్రభుత్వ 'దీపం-2' పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంట్లో రోజువారీ అన్నం, కూర కోసం ఈ పొయ్యి కొనమని నేను ఎవరికీ చెప్పను.

అమ్మకానికి వండేవాళ్ల సంగతి వేరు. ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు. కమర్షియల్ సిలిండర్ 1,800 అనుకోండి, పెల్లెట్ 12కు దొరికితే సిలిండర్‌కు దాదాపు 640 రూపాయలు మిగులుతాయి. నెలకు మూడు సిలిండర్ల పని ఉంటే, పొయ్యికీ దాని సామానుకీ కలిపి 20,000 అయిందనుకున్నా ఆ ఖర్చు ఏడాది లోపే తిరిగొస్తుంది. అదే పెల్లెట్ 16 అయితే మిగిలేది 250 మాత్రమే, అసలు రావడానికి రెండేళ్లు దాటుతుంది. నాలుగు రూపాయల తేడాకే ఇంత!

పొయ్యి ఎంచుకునేటప్పుడు ఐఎస్ 13152 ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించారా అని అడగండి. ఫ్యాన్ పొయ్యికి కనీసం 35 శాతం సామర్థ్యం, ఫ్యాన్ లేనిదానికి 25 శాతం ఉండాలని అందులో ఉంది. అడుగు నుంచి వెళ్లే కొద్దిపాటి గాలి పెల్లెట్లను గ్యాస్‌గా మారుస్తుంది, పై రంధ్రాల నుంచి వచ్చే గాలి ఆ గ్యాస్‌ను మండిస్తుంది. ఒకసారి నింపితే ఆరేదాకా మధ్యలో వేయలేని రకం ఒకటి, పక్కన తొట్టి నుంచి వేసుకుంటూ పోయే రకం ఇంకొకటి. బాండలిలో నూనె కాగుతుండగా మంట తగ్గకూడదు కాబట్టి నేను తొట్టి రకమే తీసుకున్నాను.

పెల్లెట్లను కళ్లతో చూడకుండా కొనకండి. గింజ నున్నగా మెరవాలి, విరిస్తే టక్కుమనాలి. గ్లాసు నీళ్లలో వేస్తే మునగాలి, తేలిందంటే సరిగా నొక్కలేదన్నమాట. బస్తా అడుగున పొడి ఎక్కువుంటే ఆ పొడి గాలికి అడ్డుపడి పొగ పుట్టిస్తుంది. వరి ఊక పెల్లెట్ చవకే, కానీ ఐదో వంతు బూడిదే మిగులుతుంది. మట్టి కలిసిన సరుకైతే బూడిద కరిగి గట్టి పెడ్డలు కడుతుంది, జల్లెడ రంధ్రాలు మూసుకుపోతాయి. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. తేమ తగిలిన పెల్లెట్ ఉబ్బి పొట్టయిపోతుంది. అందుకని మూత బిగుసుకునే డ్రమ్ములు, వాటి కింద చెక్క పలకలు బడ్జెట్‌లో రాసుకోండి.

అలాగే రేకు చిమ్నీ, కరెంటు పోతే ఫ్యాన్ ఆగకుండా చిన్న బ్యాటరీ, ఒక స్పేర్ ఫ్యాన్ కూడా రాసుకోండి. వెలిగించేటప్పుడు, ఆరిపోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. తలుపులు మూసిన గదిలో ఈ పొయ్యి పెట్టనే కూడదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు కార్తీకంలో కూడా ఇదే ధరకు సరుకిస్తారా అని డీలర్‌ను అడిగి, ధర, నెలకు ఇచ్చే బస్తాలు బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే ఇంకో డీలర్‌ను చూడండి.