నీరులేని పడవ: రోయింగ్ యంత్రముపై శ్రమ పొదుపు

అమీర్‌పేట మెట్రో కూడలిలో దిగి పంజాగుట్ట వైపు నడచువారికి, దుకాణముల పై అంతస్తులలో, అద్దముల వెనుక దీపములు వెలుగుచుండు వ్యాయామశాలలు కనిపించును. జిమ్ములని అందరము వాడుకగా పిలుచునవి అవియే. సాయంకాలమైనచో అచట నడక యంత్రముల కొరకు జనము వేచియుందురు. మూలనుండు రోయింగ్ యంత్రము మాత్రము తరచుగా ఖాళీగానే యుండును. దాని నెక్కినవారును నాలుగైదు నిమిషములకు రొప్పుచు దిగిపోవుదురు. దిగునపుడు వారనుమాట యొకటే: “ఇది మనవల్ల అయ్యేది కాదండీ!”

నేనును ఆ మాట అన్నవాడనే. దినమంతయు మైకు ముందు కూర్చుండు ఉద్యోగమువలన నడుము బిగిసిపోగా, ఇంటివారి పోరు పడలేక ఒక జిమ్ములో చేరితిని. అచటి శిక్షకుడు యంత్రము ప్రక్కనున్న మీటను పదవ అంకెకు త్రోసి, “బలంగా లాగండి సార్” అని చెప్పి వెడలిపోయెను. బలముగానే లాగితిని. నాలుగవ నిమిషమునకు ముంజేతులు మొద్దుబారినవి. ప్రక్క యంత్రముపై నాకంటె పదియేండ్లు పెద్దవారొకరు అరగంటసేపు, పడకకుర్చీలో ఊగుచున్నంత తీరికగా లాగుచుండిరి. మూడవనాటికి నాకు నడుము పట్టుకొన్నది. వారము దినములు కుర్చీలో కూర్చుండుటయే కష్టమయ్యెను. పంజాగుట్టలోని నిమ్స్ 1964లో ఎముకల ఆసుపత్రిగా ప్రారంభమైనదని అందరకు తెలియదు. నా నడుము నన్ను ఆ గుమ్మము వరకు తీసికొనిపోలేదు, అది నా అదృష్టము. ఆ పెద్దమనిషి నాకంటె బలవంతుడు కాడు. నేను వృథా చేసిన శ్రమను ఆయన వృథా చేయలేదు, అంతే. ఆ వృథా ఎచటెచట జరుగుచున్నదో తెలిసికొనుటకు నాకు కొన్ని నెలలు పట్టినది.

ఈ యంత్రము నిన్నమొన్నటి ఊహ కాదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున ఏథెన్సు నౌకాధిపతి ఖాబ్రియాస్ అనునతడు, క్రొత్తగా చేరినవారిని ఓడ నెక్కించుటకు ముందే ఒడ్డున కొయ్యచట్రములపై కూర్చుండబెట్టి తెడ్డు వేయుట నేర్పించెనట. నేడు జిమ్ములలో ఎక్కువగా కనబడు రూపమునకు మూలము 1981లో అమెరికాలో డ్రైసిగాకర్ సోదరులు కాన్సెప్ట్ టూ అను పేర తయారుచేసిన యంత్రము. దాని తొలి నమూనాలో తిరిగినది సైకిలు చక్రమే! పోటీపడవల వారి సాధనకై పుట్టిన ఈ వస్తువు క్రమముగా మనవంటివారి యొద్దకు వచ్చినది. పంజాగుట్టకు రెండు మూడు కిలోమీటర్ల దూరముననే హుసేన్‌సాగర్ ఉన్నది. 2005లో ఆసియా రోయింగ్ ఛాంపియన్‌షిప్ పోటీలు హైదరాబాదుననే జరిగినవి. నీటిపై వారు చేయుపనినే మనము నాలుగు గోడల మధ్య చేయుచున్నాము.

యంత్రము నిర్మాణము సులభమైనది. పొడవైన పట్టాపై ముందునకు వెనుకకు జారు పీట, పాదములకు ఆనిక, గొలుసునకు తగిలించిన పిడి, ఆ గొలుసుతో తిరుగు ఒక చక్రము. చక్రమునకు పంకా రెక్కలు కలవు. పిడిని లాగినపుడు చక్రము గాలిని చిమ్ముచు తిరుగును. ఆ గాలి ఇచ్చు నిరోధమే మనకు నీటి స్థానమున నుండును. పిడిని మరల ముందునకు తీసికొనిపోవునపుడు చక్రము తనంతట తాను తిరుగుచునే, కొంత కొంత నెమ్మదించును. పడవ కూడ అంతే కదా. తెడ్డు నీటినుండి పైకి తీసిన తరువాత పడవ కొంత దూరము తనంతట సాగిపోవును.

ఇక ఆ మీట సంగతి. పది యనగా కఠినము, ఒకటి యనగా సులభము అని తలచుట సామాన్యమైన పొరపాటు. అది చక్రములోనికి పోవు గాలిని హెచ్చించును, తగ్గించును, అంతియే. గాలి హెచ్చుగా పోయినచో చక్రము త్వరగా నెమ్మదించును. ప్రతి లాగునకు దానిని మరల మొదటినుండి కదిలించినట్లుండును. అది బరువైన నాటుపడవ. మీట తగ్గించినచో సన్నని పోటీపడవ. తెర మీద కనబడు వేగము మీటవలన మోసపోదు. ఏలయనగా, మనము ముందునకు మరలునప్పుడెల్ల చక్రము ఎంత త్వరగా నెమ్మదించుచున్నదో యంత్రము కొలిచి, దానినిబట్టియే లెక్క కట్టును. మూడు మొదలు ఐదు వరకు గల అంకెలు చాలామందికి చాలునని తయారీదారులే చెప్పుదురు. మన నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన నున్నది కనుక, ఇచట గాలి విశాఖపట్నపు గాలికంటె ఇంచుక పలుచన. అదే అంకె మీద ఇచటి చక్రము కొంచెము తేలికగా తిరుగును. ఇది ఊరకయే ముచ్చటకు చెప్పితిని. దానికై మీటను త్రిప్పనక్కరలేదు.

అసలు సంగతి కాళ్ళయొద్ద నున్నది. రోయింగ్ అనగా చేతులపని అని మనము తలంతుము. బలములో దాదాపు ఐదింట మూడు వంతులు కాళ్ళనుండి, ఒక వంతు నడుమునుండి, ఒక వంతే చేతులనుండి రావలెనని శిక్షకులు స్థూలముగా చెప్పుదురు. మన పల్లెలలో ఏతము త్రొక్కినవారికి ఈ మర్మము పుస్తకము లేకయే తెలిసియుండెను. ఏతముపై మనిషి చేతులతో నీటిని తోడడు. దూలముపై ముందునకు వెనుకకు అడుగులు వేయుచు, తన బరువునే పనిలో పెట్టును. లోతైన బావిలో గిలకపై చేద లాగు ఇల్లాలిని చూడుడు. అలవాటు లేనిది భుజములతో పెనగులాడును. అలవాటుపడినది ఒక కాలిని గట్టునకు తన్నిపెట్టి, చేతులను చాచి, దేహభారముతో వెనుకకు వ్రాలును. రోయింగ్ యంత్రముపై చేయవలసినది సరిగా అదియే.

మోకాళ్ళు వంచి, వాని క్రింది భాగము నిట్టనిలువుగా నిలిచినంతవరకు ముందునకు రావలెను. అంతకు మించి దూరము వచ్చుట బలము కాదు, బిగువు మాత్రమే. చేతులు చాచియుండవలెను. ముందుగా పాదములతో ఆనికను త్రోయవలెను. ఆ సమయమున చేతులు రెండు త్రాళ్ళు మాత్రమే. కాళ్ళు చాలవరకు చాపుకొన్న పిదప నడుమును తుంటికీలు యొద్దనుండి వెనుకకు వాల్చవలెను. కడపట మోచేతులు వంగి, పిడి రొమ్ము దిగువకు వచ్చును. మరలునపుడు క్రమము తలక్రిందు: మొదట చేతులు, తరువాత నడుము, ఆ పిమ్మట మోకాళ్ళు. చేతులు మోకాళ్ళను దాటకముందే మోకాళ్ళు వంచినచో, పిడి వానిపైనుండి ఎగిరిపోవలసివచ్చును. క్రొత్తవారిని గుర్తుపట్టుటకు ఆ ఒక్క గంతు చాలును.

నా నడుము పట్టుకొనుటకు కారణము వేరొకటి. కాళ్ళు త్రోసితిని గాని, నడుము సడలియుండుటచేత పీట వెనుకకు జారిపోయెను, పిడి ఉన్నచోటనే ఉండిపోయెను. కాళ్ళు చేసిన పని గొలుసును చేరలేదు. తరువాత ఆ పని అంతయు వంగియున్న వెన్ను ఒక్కటియే చేయవలసివచ్చెను. పీట ఎంత కదలిన పిడియు అంత కదలవలెను. ఇది తప్పినచో శ్రమ పోవుటయే కాదు, వెన్నునకు హానియు కలుగును. పిడిని బిగించి పట్టుట మరియొక దుబారా. బకెట్టు కాడను పట్టుకొన్నట్లు వ్రేళ్ళను కొక్కెములవలె తగిలించిన చాలును. ముంజేతులు మొద్దుబారవు.

ఇంతవరకు లాగుట. పొదుపులో సగము మరలుటయందున్నది. క్రొత్తవారు లాగి, ఎవరో తరుముచున్నట్లు ముందునకు ఉరుకుదురు. స్థూలముగా ఒక లెక్క చూతము. జారుచున్న శరీరభారము 60 కిలోలనుకొందము. సెకనుకు అర మీటరు వేగముతో మరలినచో దాని గతిశక్తి ఏడున్నర జౌలులు. మీటరు వేగముతో మరలినచో 30 జౌలులు. వేగము రెట్టింపైన శక్తి నాలుగు రెట్లు. ముందు కొసన ఆ దేహమును ఆపవలసినవి మన కాళ్ళే. ఆపినందువలన చక్రము ఒక్క చుట్టైనను అధికముగా తిరుగదు. నిమిషమునకు 20 సార్లు మెల్లగా మరలినచో ఇట్లు పోవునది రెండున్నర వాట్లు. 30 సార్లు ఉరికినచో 15 వాట్లు. చక్రము పుచ్చుకొనునదే నూరు వాట్లైనపుడు, 15 వాట్లు తక్కువ కాదు.

లాగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు కాలము మరలుటకు పట్టవలెనని సూత్రము. రేడియో వినువారికి దీనిని చెప్పుట సులభము. తిశ్రగతిలో “త-కి-ట” అని మనసులో అనుకొనవలెను. “త” అనునపుడు లాగుట, “కిట” అను రెండక్షరములలో మరలుట. అక్షరమునకు ఒక సెకను చొప్పున నిమిషమునకు సరిగా 20 లాగులగును. ఊపిరియు ఆ నడకలోనే పడును. లాగునపుడు విడుచుట, మరలునపుడు పీల్చుట.

ఇక వేగమును పంచుకొను విషయము. గాలి నిరోధము కారణముగా ఈ యంత్రముపై కావలసిన శక్తి వేగము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. అనగా వేగము రెట్టింపు కావలెనన్న శక్తి ఎనిమిది రెట్లు కావలెను. 2000 మీటర్లను 9 నిమిషములలో ముగింపవలెనని ఇద్దరు కూర్చుండిరనుకొందము. మొదటివాడు 500 మీటర్లకు 2 నిమిషముల 15 సెకనుల చొప్పున ఆద్యంతము ఒకే తీరుగా లాగెను. అతని శక్తి దాదాపు 142 వాట్లు, మొత్తము పని దాదాపు 77 కిలోజౌలులు. రెండవవాడు ఉత్సాహముతో మొదటి 1000 మీటర్లను 500కు 2 నిమిషముల చొప్పున, 202 వాట్లతో లాగి, అలసి, తక్కిన సగమును రెండున్నర నిమిషముల చొప్పున, 104 వాట్లతో ముగించెను. ఇద్దరకు పట్టినది 9 నిమిషములే. రెండవవాడు చేసిన పని మాత్రము దాదాపు 80 కిలోజౌలులు. అధికమైన మూడు కిలోజౌలులు గాలికి పోయినవి, అక్షరాలా గాలికే. కండరములు తాము ఖర్చుచేయు శక్తిలో నాలుగవ వంతుకు మించి బయటి పనిగా మార్చజాలవు, తక్కినది వేడియగును. కనుక శరీరము లోపల ఆ నష్టము పండ్రెండు కిలోజౌలులకు తక్కువ కాదు. ఏప్రిలు, మే నెలల హైదరాబాదులో ఆ వేడి ఎక్కడికి పోవునో చెమట తుడుచుకొనువారికి చెప్పనక్కరలేదు.

గుండెజబ్బు, రక్తపుపోటు, పాత నడుమునొప్పి కలవారు వైద్యుని అడిగిన తరువాతనే ఈ పీట నెక్కవలెను. తక్కినవారు మొదటి వారము పది నిమిషములకు మించకుండుట మేలు. పాదముల పట్టీలను వదులుచేసి లాగి చూచినచో తప్పు వెంటనే బయటపడును. కాళ్ళతో త్రోయువాని పాదములు ఆనికను విడువవు, నడుముతో విసరువాని పాదములు పైకి లేచిపోవును.

అరగంటలో, నిమిషమునకు 20 చొప్పున, 600 లాగులు. 500 మీటర్లకు రెండున్నర నిమిషములైనచో లాగునకు పది మీటర్లు, మొత్తము 6000 మీటర్లు. నాకు మొదట లాగునకు ఏడు మీటర్లకు మించి రాలేదు. ఇపుడు పది వచ్చుచున్నవి, దండలు లావైనవని ఇంటిలో ఎవరును అనలేదు. వృత్తిరీత్యా చెవి నాకు అలవాటైన పనిముట్టు కనుక, ఇపుడు తెరకంటె చక్రము హోరునే ఎక్కువగా వినుచుందును. తప్పు లాగులో హోరు గొంతు చించుకొని లేచి చప్పున పడిపోవును, గొలుసు టకటకలాడును, పీట ముందు కొసన ఠక్కున ఆగును. ఆ పెద్దమనిషి నేటికిని సాయంకాలము ఆరు గంటలకు వచ్చుచున్నారు. ప్రక్క యంత్రముపై నేనున్నను, ఆయన పీట ముందునకు మరలు చప్పుడు నాకింతవరకు వినబడలేదు.