పున్నమి పోటు, కాపలా లేని తీరం

కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. కృత్తివెన్ను మండలం పెదగొల్లపాలేనికో, హంసలదీవి పక్కన కృష్ణా అభయారణ్యపు అంచుకో మామూలు రోజున వెళ్తే కాపలా కాసే మనిషి కనిపించకపోవచ్చు. ఆ ప్రశాంతత కోసమే జనం వెళ్తారు, వెళ్లాలి కూడా. కాకపోతే అలలు చిన్నవిగా ఉన్నాయని ధైర్యంగా దిగడమే అక్కడ అసలు ముప్పు. మీద పడే అల కన్నా వెనక్కి పోయే నీరే మనిషిని ఎక్కువగా లాగేస్తుంది.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తీస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటై పోటు పెరుగుతుంది, తీసే నీటి జోరూ పెరుగుతుంది. అంటే మనం సముద్ర స్నానానికి ఎంచుకునే పర్వదినాలే నీటికి బలమెక్కువ ఉండే రోజులు. కొల్లేటి నీటిని మోసుకొచ్చే ఉప్పుటేరు మొగ లాంటి చోట ఇది మరీ ఎక్కువ: పోటుకు ఏట్లోకి ఎక్కిన నీరంతా, ఏటి నీటితో కలిసి, ఇరుకు దారిలోంచి సముద్రంలోకి పరుగెడుతుంది. మొగ లేని చోటా మోసం ఉంది. ఒడ్డు పొడవునా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక్క పాయ మాత్రం నునుపుగా, మడ్డిరంగులో కనిపిస్తుంది. పిల్లల్ని దించడానికి అదే మంచి చోటనిపిస్తుంది. అక్కడ లోతెక్కువ కాబట్టే అల విరగదు. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అదే. డెల్టా ఒండ్రు కలిసిన నీళ్లలో అడుగు కనపడదు.

జాలర్లు రోజూ దిగట్లేదా అంటారు. వాళ్లు తిథి చూసుకుని, ఇసుక మేట ఎటు జరిగిందో తెలుసుకుని దిగుతారు. మోకాలి లోతులోనే ఉంటామన్నా, తీసే నీరు కాళ్ల కింది ఇసుకను కోసేస్తుంది. పోనీ ప్రభుత్వమే కాపలా పెట్టాలి కదా అంటే, రద్దీ తీరాల్లో తప్పకుండా పెట్టాలి. రాష్ట్రానికున్న వెయ్యి కిలోమీటర్లకు పైబడిన తీరంలో ప్రతి మూలా మనిషిని నిలబెట్టడం మాత్రం అయ్యే పని కాదు.

అందుకే దిగేముందు ఊళ్లో జాలరిని అడగండి. పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా వెంట ఉంచుకోండి. నీరు లాగితే ఎదురీదకండి. తేలుతూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకొద్దు, ముందు డబ్బా విసరండి, 112కు ఫోన్ చేయండి.