షికారు నేలలో చెట్ల కొలువు

సిరోంచ తాలూకాలో పుట్టి బ్రతుకుతెరువు కోసం నలుదిక్కులా వెళ్లిన మన కుటుంబాలలో "దొరగారి షికారు" మాట వినని ఇల్లు అరుదు. మా తాతగారు పడుచుతనంలో డప్పు పట్టుకొని అడవిలో నడిచినవారే. దొర మంచె మీద తుపాకితో కూర్చుంటే, దూరం నుంచి ఊరిజనం వరుసగా కేకలు వేస్తూ, డప్పులు వాయిస్తూ మృగాన్ని ఆయన ముందుకు తరుముకొని రావాలి. పులి దొర పేరన జమ అయ్యేది, డప్పు కొట్టినవారికి అణాలు దక్కేవి. అయితే తాతగారు ఆ కథ చెప్పేటప్పుడు పులి ఊసు ఒక్క మాటతో సరిపోయేది, చెట్ల ఊసు మాత్రం తెగేది కాదు. "ఆ టేకుమానును ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందలేదురా" అనేవారు.

షికారంటే విలాసమే గదా! పెద్దల వినోదానికి విడిచిపెట్టిన నేల, వేటగాడు వెళ్లిపోయాక ఏమవుతుంది? మన పాత చాందా జిల్లాలోనే తాడోబాలో 1935లో వేట మానిపించారు, 1955లో దాన్ని జాతీయోద్యానం చేశారు. 1972 నాటి వన్యప్రాణి చట్టంతో దేశంలో షికారు ముచ్చట దాదాపు ముగిసింది. హైదరాబాదులో స్థిరపడిన మనవారికి వనస్థలిపురం తెలుసు. నిజాము వేటాడిన ఆ మైదానమే 1975లో మహావీర హరిణ వనస్థలి అయింది. సుమారు 3,700 ఎకరాలు. చుట్టూ ఇళ్లు ఇంతగా పెరిగాయి గదా, ఆ నేలను అప్పుడే కట్టడి చేయకపోతే ఈనాడు అక్కడ కృష్ణజింకకు నిలువనీడ ఉండేదా?

దూరదేశపు ముచ్చట ఒకటి. హాలండులో క్రోలర్ అనే ధనిక దంపతులు 1909 నుంచి వేట కోసమని అడవినీ పొదల నేలనూ కొంటూ వచ్చారు. భర్తకు తుపాకి మీద మోజు, భార్యకు చిత్రాల మీద. వారి సిరి తరిగిన తరువాత 1935లో చిత్రాలు ప్రభుత్వానికి, అడవి ఒక ధర్మసంస్థకు దక్కాయి. 1938లో ఆ చెట్ల నడుమనే చిత్రశాల తెరిచారు. వాన్ గో చిత్రాలు పెద్ద సంఖ్యలో అక్కడ ఉన్నాయి. 1961లో దాని పక్కనే శిల్పాల తోట వేశారు. వేటనేల చివరికి ఇల్లాలి ముచ్చటే తీర్చింది!

ఇక మన గడ్డకు వద్దాం. ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ వెళ్లే దారిలో సుమారు 16 కిలోమీటర్ల దూరాన 6 హెక్టార్ల అడవి ఉన్నది. 1953లో అటవీశాఖవారు ఆ ముక్కను గొడ్డలి తాకకుండా విడిచిపెట్టారు. మరాఠీలో దాని పేరు వనవైభవ్. 2014లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలమనే గుర్తింపు కూడా వచ్చింది. ఎవరూ నాటిన తోట కాదది. మాను పడితే పడినచోటనే మట్టి అవుతుంది. సిరోంచ దగ్గర వడధాం శిలాజాల ఉద్యానంలోనైతే చెట్లు రాయిగా మారి పడివున్నాయి. ఆ ప్రాణహిత-గోదావరి లోయ రాళ్లలో దొరికిన మహాబల్లికి శాస్త్రజ్ఞులు టాగూరు పేరు కలిపి 'బరపాసారస్ టాగోరై' అన్నారు. 1961 టాగూరు శతజయంతి సంవత్సరం గదా! కవి పేరు రాతిలోకి ఎక్కింది మన తాలూకా ముంగిట్లోనే.

ఇన్ని ఉండగా ఇక్కడ చెట్లకూ కళకూ కలిపి ఒక కొలువు ఏర్పరచరాదా అని మన కుర్రవాళ్లు అడుగుతున్నారు. మంచి మాటే. కాని నాకు రెండు సందేహాలున్నాయి. మాడియావారు గతించినవారి పేర రాళ్లు నిలబెడతారు. వాటిని పెకలించి తెచ్చి ఉద్యానంలో బొమ్మలుగా నిలిపితే అది కళ కాదు, అపచారం. చెక్కే చేతులకు పని ఇవ్వాలి, చెక్కిన రాతిని దాని ఊళ్లోనే ఉండనివ్వాలి. రెండవది: షికారుకు అడవిని కట్టడి చేసినపుడూ, ఆ తరువాత వనరక్షణ అన్నపుడూ బయట నిలబడినవారు ఒక్కరే, ఇప్పపువ్వు ఏరుకునేవారు. మన జిల్లాలోనే మెండా-లేఖ గ్రామం 2009లో తన అడవిమీద సాముదాయిక హక్కు పత్రం సంపాదించింది, దేశంలో మొదటి ఊళ్లలో ఒకటిగా. కొత్త తోటకు కంచె వేసేముందు అటువంటి గ్రామసభ మాట ఒకటి వినాలి. తాతగారికి అణాలిచ్చి పంపినట్టు వారి మనుమలను కూడా టికెట్టు గుమ్మం దగ్గర కాపలాకు పెట్టి సరిపుచ్చితే నేనొప్పుకోను.

వీలైనవారు శీతకాలంలో ఆలాపల్లి వెళ్లిరండి. క్రిందటిసారి మా మనుమణ్ణి తీసుకువెళ్లాను. ఒక టేకుమానుకు అటు వాడు, ఇటు నేను చేతులు చాచాము. అందలేదు. దారినపోతున్న ఒక మాడియా అబ్బాయి నవ్వుతూ వచ్చి మూడో చెయ్యి కలిపాడు.