రాంకుల పట్టికలూ, బాస్కెట్‌బాల్ డ్రాఫ్టూ – కొన్ని మొండి అభిప్రాయాలు

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు, "ఆటల మీద వ్రాస్తాను గాని, మన టీము గెలుపోటముల రిపోర్టు మాత్రం నా వల్ల కాదు" అన్నాను. అది పి.డి. గారు ఎలాగూ ఇస్తారు. నేను వ్రాయదలచింది అమెరికాలో ఏటా జరిగే ఎన్.బి.ఏ. డ్రాఫ్టు గురించి, దానికి ముందు కుర్రాళ్ళకు రాంకులు వేసే అలవాటు గురించి. హాస్టలు మెస్సులో దీని మీద అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. అక్కడ నన్ను మాట్లాడనివ్వలేదు. ఇక్కడ అడ్డు తగిలేవారు లేరు గనుక నా మాటంతా చెప్పేస్తాను.

ముందుగా తెలియనివారి కోసం నాలుగు మాటలు. మన ఐ.పి.ఎల్.లో ఆటగాళ్ళను వేలం పాడతారు. డ్రాఫ్టులో వేలం ఉండదు, వంతులు ఉంటాయి. 30 టీములు, రెండు రౌండ్లు, మామూలుగా 60 పేర్లు. కిందటి సీజన్లో బాగా ఓడినవారికి ముందు వంతు ఇవ్వాలన్నది మూలసూత్రం. బలహీనుడికి మంచి కుర్రాడు దొరికితే లీగులో పోటీ నిలుస్తుందని ఆలోచన. మరి ముందు వంతు కోసం కావాలనే ఓడిపోతే? ఆ అనుమానం మొదటినుంచీ ఉంది. 1966 నుంచి 1984 దాకా రెండు భాగాల్లోనూ అడుగున ఉన్న టీముల మధ్య నాణెం ఎగరేసేవారు. 1985లో లాటరీ పెట్టారు. 2019లో తెచ్చిన మార్పుతో అడుగునున్న మూడు టీములకూ తలా 14 శాతం అవకాశం వచ్చింది. 2025లో 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డల్లాస్‌కు మొదటి వంతు తగిలి, కూపర్ ఫ్లాగ్‌ను ఎత్తుకుపోయింది. లాటరీ అంటే లాటరీయే మరి!

వంతు అదృష్టం కావచ్చు. ఎవరిని తీసుకోవాలన్నది మాత్రం మనుషుల నిర్ణయం. అందుకోసం నెలల తరబడి పట్టికలు తయారవుతాయి. ఇవి రెండు రకాలు. ఫలానా టీము ఫలానా కుర్రాణ్ణి తీసుకుంటుందని చెప్పేది ఒకటి. అది జోస్యం. ఎవరు తీసుకున్నా సరే, వీడు వాడికంటే మెరుగని చెప్పేది రెండోది. అది తీర్పు. మా మెస్సులో సగం గొడవ ఈ రెంటినీ కలిపేయడం వల్లనే వచ్చింది. నేను మాట్లాడేది రెండోదాన్ని గురించి.

నా మొదటి అభిప్రాయం: ఇంట్లో ఏం లోటుందో చూసుకుని మనిషికి రాంకు వేయకూడదు. 1984 కథ చాలామందికి తెలుసు. హ్యూస్టన్ మొదటి వంతులో హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వాళ్ళు శామ్ బోవీ అనే ఏడడుగుల పైచిలుకు పొడగరిని తీసుకున్నారు. మూడో వంతులో చికాగోకు మైకేల్ జోర్డాన్ దొరికాడు. పోర్ట్‌లాండ్‌వాళ్ళు వెర్రివాళ్ళేం కారు. జోర్డాన్ ఆడే చోట ఆడటానికి అంతకు ముందేడే క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నారు. వాళ్ళకు కావలసింది బోర్డు కింద నిలబడే సెంటరు. పెద్ద సెంటరు లేనిదే కప్పు రాదని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు. కాని బోవీ కాలి గాయంతో కాలేజీలోనే రెండు సీజన్లు పూర్తిగా పోగొట్టుకున్నవాడు. అవసరం కళ్ళకు గంతలు కడుతుంది. లోటు ఈ ఏటిది, కుర్రాడు పదేళ్ళవాడు. అనగా పదేళ్ళు ఆడవలసినవాడు. జోర్డాన్ చికాగోకు ఆరు కప్పులు తెచ్చాడు.

రెండోది: టేపుకు అందేదే ఎక్కువ కొలుస్తున్నారు. డ్రాఫ్టుకు ముందు ఎత్తు, చాచిన చేతుల పొడవు, ఎగిరే ఎత్తు, పరుగు, అన్నీ కొలుస్తారు. 2007లో కెవిన్ డ్యురాంట్ 185 పౌన్ల బరువును, అంటే సుమారు 84 కిలోలను, పడుకుని ఒక్కసారైనా ఎత్తలేకపోయాడు. దాని మీద ఎంత నవ్వుకున్నారో! అతను తర్వాత నాలుగుసార్లు లీగులో పాయింట్ల సగటులో మొదటివాడయ్యాడు. 2009లో స్టెఫెన్ కర్రీ బక్కపలుచని కుర్రాడు, చిన్న కాలేజీ. ఏడో వంతు దాకా ఎవరూ ముట్టుకోలేదు. మినసోటాకు అయిదు, ఆరు వంతులు రెండూ ఉన్నాయి. రెంటిలోనూ గార్డులనే తీసుకుంది, రెండుసార్లూ కర్రీ కాదు! బంతి చేతినుంచి ఎంత తొందరగా విడుస్తాడు, గుంపులో ఎవరు ఖాళీగా ఉన్నారో ఎంత ముందుగా చూస్తాడు, ఓడుతున్నప్పుడు ఏం చేస్తాడు – వీటికి టేపు లేదు. లేదు గనుక మార్కులూ తక్కువే.

అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2007లో డ్యురాంట్‌కంటే ముందు, మొదటి వంతులో, పోర్ట్‌లాండే గ్రెగ్ ఓడెన్‌ను తీసుకుంది. అప్పుడు చాలామంది నిపుణులు అదే సరి అన్నారు. పాపం, మోకాళ్ళు అతన్ని ఆడనివ్వలేదు. మొత్తం మీద 105 ఆటలు ఆడాడు. దీన్ని ఎవరి తెలివితక్కువతనమూ అనలేం. అందుకే నా మూడో అభిప్రాయం: ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడమే అబద్ధం. మెట్లు కట్టాలి. 2003లో లెబ్రాన్ జేమ్స్ ఒక్కడూ పై మెట్టు మీద ఉన్నాడన్నది అందరికీ తెలిసిన సంగతి. ఆ కింద రెండో వంతులో డెట్రాయిట్ డార్కో మిలిచిచ్‌ను తీసుకుంటే, ఆ తర్వాతి మూడు వంతుల్లో కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ వెళ్ళారు. పట్టికలో ఒకటికీ రెండుకూ మధ్య ఉన్న ఖాళీ, రెండుకూ మూడుకూ మధ్య ఉన్న ఖాళీ చూడటానికి ఒకే మాదిరిగా ఉంటాయి. నిజంలో ఒకచోట అగాధం, మరోచోట వెంట్రుకవాసి. నిజాయితీపరుడైన పట్టికకర్త "ఈ అయిదుగురిలో ఎవరు ముందో నాకు తెలియదు" అని వ్రాయాలి. అలా వ్రాస్తే చదివేవాళ్ళుండరు, అది వేరే సంగతి!

నాలుగోది: చూసినవాడికే రాంకు వస్తుంది. సెర్బియా కుర్రాడు నికొలా యోకిచ్ 2014లో 41వ పేరు. డెన్వర్ అతన్ని తీసుకున్న క్షణంలో టెలివిజన్‌లో ఒక తినుబండారాల ప్రకటన వస్తోంది. అతను 2021, 2022, 2024లలో లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2023లో కప్పు గెలిపించాడు. గ్రీసులో రెండో తరగతి లీగులో ఆడుతూండిన యానిస్ 2013లో 15వ పేరు. ఆ ఏడు మొదటి పేరు ఆంథొనీ బెన్నెట్. నాలుగు సీజన్లలో నాలుగు టీములు మారి బయటికి వచ్చేశాడు. మన దేశం నుంచి 2015లో పంజాబు కుర్రాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ 52వ పేరుగా తీసుకుంది. ఎన్.బి.ఏ. సీజన్లో ఒక్క ఆటకూ దిగలేదు. పేరు చదవడం వేరు, కోర్టులో నిమిషాలు ఇవ్వడం వేరు. మొదటి రౌండు వాడికి మొదటి సంవత్సరాల జీతం ఖాయం. ఆడించి చూస్తారు, తప్పులు ఓర్చుకుంటారు. రెండో రౌండు వాడికి ఆ భరోసా లేదు. దొరికిన నాలుగు నిమిషాల్లోనే తేల్చుకోవాలి. రాంకు ఒక ఊహగా మొదలై, తనను తాను నిజం చేసుకుంటుందన్నమాట.

"అబ్బే, ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకి వస్తుందోయ్! యోకిచ్ రాలేదూ?" అని మా రూమ్మేటు వాదన. బెన్ వాలెస్ కూడా ఉన్నాడు: 1996లో ఎవరూ తీసుకోలేదు, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. కాని మిత్రులారా, మనకు తెలిసినవి బయటపడ్డ తప్పులే. 41వ పేరుగా వచ్చి గెలిచినవాణ్ణి లెక్కపెడతాం. ఎవరూ ఎంచకపోతే బంతి అటకెక్కించి ఉద్యోగంలో చేరినవాణ్ణి ఎవరు లెక్కపెట్టారు? అతను యోకిచ్ అయ్యేవాడో కాదో ఏ పట్టికా చెప్పదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి పట్టిక ఒకటి నేనూ వ్రాశాను. కిందటేడు అంతర కళాశాలల పోటీలకు ముందు, కెప్టెన్‌గా నేను పన్నెండు పేర్లు వ్రాసి పి.డి. గారికి ఇచ్చాను. పదమూడోవాడు ఫస్టియర్ కుర్రాడు. పొట్టివాడు. రోజూ సాయంత్రం అయిదింటి పాసింజరుకు వాళ్ళ ఊరు వెళ్ళిపోయేవాడు గనుక ప్రాక్టీసులో అతన్ని చూసింది రెండే రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనూ చూడకుండా వెనక్కి విసిరిన పాసులు రెండు నాకు గుర్తున్నాయి. అతనికి బదులు ఆరడుగుల రెండంగుళాల మిత్రుణ్ణి వేశాను, ఎత్తు కావాలి గదా అని. లోటు చూశాను, టేపు చూశాను, నాకు కనిపించినవాణ్ణే చూశాను. పైన నేను తిట్టిన మూడు తప్పులూ నావే. బోర్డు మీద పేర్లు చూసుకుని ఆ కుర్రాడు "పర్లేదన్నా" అన్నాడు. మళ్ళీ కోర్టుకు రాలేదు. పోటీల్లో మేం రెండో రౌండులో ఓడాం. అతనుంటే గెలిచేవాళ్ళమని అనను. అది నాకు తెలియదు, తెలిసే అవకాశం నేనే తీసేశాను.

రాంకులు వద్దని నేననను. టీముకు పన్నెండుమందే పడతారు, ఎవరో ఒకరు ఎంచాలి. లెబ్రాన్ వంటివాడి విషయంలో పట్టికలు ముందే నిజం చెప్పాయి కూడా. కాని పట్టికను పెన్సిలుతో వ్రాయాలి. వారం వారం చెరిపి మళ్ళీ వ్రాయాలి. పదమూడోవాడికి "ఇప్పటికి ఇంతే, వచ్చే వారం మళ్ళీ రా" అని నోటితో చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది.

ఈ ఏడు సెలక్షన్లు ఉదయం పూట కూడా పెట్టమని పి.డి. గారిని అడిగాను, రైలుకు వెళ్ళేవాళ్ళ కోసం. సరేనన్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు సెకండియర్. ఈ సంచిక అతని చేతికి అందితే, కోర్టు గేటు ఆరింటికి తీస్తారని తెలుసుకోగలడు. నేను అక్కడే ఉంటాను.