డిగ్రీ ఉంది.. మరి ఆరోగ్య బీమా ఉందా?

చదువు పెరిగినంత మాత్రాన బీమా దానంతటదే రాదు. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పనిచేసే, బడి మెట్లెక్కని కార్మికుడికి రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. అయితే ఏ చికిత్సకు వర్తిస్తుందో తెలియక అప్పు చేయొద్దు. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

మరి వికారాబాద్‌లో డిగ్రీ చదివి, ప్రైవేటు కొలువులో నెలకు రూ.22 వేలు తెచ్చుకునేవారి సంగతి? ఏడాదికి రూ.2.64 లక్షలు. పట్టణాల్లో రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి రూ.2 లక్షలు. ఈఎస్‌ఐకి నెల జీతం రూ.21 వేలు దాటకూడదు. అంటే రెండూ అందవు!

మీరూ ఇదే కోవలో ఉంటే, కంపెనీ గ్రూప్ పాలసీ ఉందో లేదో ఈరోజే కనుక్కోండి. లేకుంటే జబ్బు పడకముందే ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి.